చేతి వీహెచ్‌ఎఫ్ సెట్‌లో మాట అందాలంటే

కాకినాడ నుంచి వేటకెళ్లినప్పుడు మా వీహెచ్‌ఎఫ్, అంటే బోటు నుంచి బోటుకు మాట్లాడుకునే చేతి రేడియో సెట్‌లో ఎంత అరిచినా పక్క బోటుకు గరగర తప్ప ఏమీ వినపడేది కాదు. కూర్చుని మాట్లాడటమే కారణం. ఈ రేడియో తరంగాలు దాదాపు చూపు మేరకే పోతాయి.

లేచి నిలబడి, యాంటెన్నా నిటారుగా పట్టుకోండి. సెట్ నోటికి నాలుగు వేళ్ల దూరంలో ఉండాలి. బటన్ నొక్కి ఒక్క సెకను ఆగాకే మాట్లాడండి, లేకపోతే మొదటి మాట తెగిపోతుంది. దగ్గరి బోటుకైతే సెట్ శక్తి 1 వాట్‌కు పెడితే చాలు, ఛార్జింగ్ మిగులుతుంది.

ఆపదలో మాత్రం 5 వాట్లు పెట్టి ఆపద పిలుపులకు వాడే 16వ ఛానెల్‌లో మూడుసార్లు 'మేడే' (ప్రాణాపాయంలో ఉన్నాం, సాయం కావాలి అని చెప్పే మాట), తర్వాత బోటు పేరు, బోటు ఎక్కడుందో చూపే జీపీఎస్ అంకెలు, ఏం జరిగింది, ఎంతమంది ఉన్నారు అన్నది చెప్పండి. కంగారులో ఈ వరుస గుర్తుకు రాదు, అందుకే కాగితం మీద రాసి సెట్ వెనక టేపుతో అంటించాం. సెట్‌ను మాత్రం బోటుకు కాదు, మీ లైఫ్ జాకెట్‌కే తాడుతో కట్టుకోండి.

ఒడ్డుకు బాగా దూరంగా, చుట్టుపక్కల బోట్లేమీ లేనిచోట ఎంత నిలబడి పిలిచినా మాట అందదు. అంత దూరం వేటకెళ్తే ఉపగ్రహం ద్వారా ఆపద కబురు పంపే పరికరం కూడా వెంట ఉండాల్సిందే.