మాటిమాటికీ ఒకటికి వెళ్తున్నారా? ముందు కొలిచి చూడండి

ఎన్నిసార్లు వెళ్లారన్నది కాదు, రోజంతా కలిపి ఎంత వచ్చిందన్నదే అసలు లెక్క. పదిహేనుసార్లు వెళ్లినా ప్రతిసారీ కాసిన్నే వస్తుంటే తేడా మూత్రాశయంలోనో, ప్రోస్టేట్‌లోనో, ఇన్ఫెక్షన్ వల్లనో కావచ్చు. హార్మోన్ల జోలికి వెళ్లాల్సింది మొత్తం పెరిగినప్పుడే.

గీతలున్న ప్లాస్టిక్ మగ్గు, మూత ఉన్న పెద్ద డబ్బా, కాగితం చాలు. ఉదయం 6కి లేవగానే వచ్చేది పారబోసి, టైము రాసుకోండి. అక్కడినుంచి ప్రతి చుక్కా డబ్బాలోకే. మర్నాడు 6కి వచ్చింది కూడా అందులో పోసి ఆపండి. చాలామంది మొదటిదాన్నీ కలిపేస్తారు. అది ముందురాత్రి తయారైంది, లెక్క ఉబ్బుతుంది. దొడ్డికి వెళ్లినప్పుడు పోయింది పట్టకపోతే తగ్గుతుంది. నీళ్లు, టీ, మజ్జిగ ఎంత తాగారో పక్కనే రాయండి. పరీక్ష కదా అని ఎక్కువ తాగొద్దు, దాహాన్నిబట్టే తాగండి.

పెద్దవాళ్లకు 3 లీటర్లు దాటితే అతిమూత్రం. ముందు షుగర్ చూపించుకోండి. రక్తంలో గ్లూకోజు సుమారు 180 దాటితే మూత్రంలోకి దిగి, నీళ్లను వెంట లాక్కుపోతుంది.

షుగర్ లేదా? అప్పుడు వాసోప్రెసిన్ అనే హార్మోను సంగతి చూడాలి. కిడ్నీలు రోజుకు 180 లీటర్ల దాకా వడకడితే బయటికొచ్చేది లీటరున్నర. చాలావరకు నీరు ఏ హార్మోనూ చెప్పకుండానే రక్తంలోకి తిరిగిపోతుంది. చివరి వాటా మాత్రం వాసోప్రెసిన్ చేతిలో ఉంటుంది. రక్తం కాస్త చిక్కబడగానే పిట్యుటరీ గ్రంథి దీన్ని వదులుతుంది. అది అందితే కిడ్నీ నాళాల గోడల్లో ఆక్వాపోరిన్-2 అనే నీటిదారులు అమరి, నీరు వెనక్కి వెళ్లి మూత్రం ముదురు పసుపుకు తిరుగుతుంది. మద్యం దీన్నే అణిచేస్తుంది, అందుకే తాగినవాళ్లు ఊరికే లేస్తుంటారు. ఆల్డోస్టిరాన్ అనే మరో హార్మోను పని వేరు: అది ఉప్పును ఆపుతుంది, ఉప్పు వెంట నీరు ఆగుతుంది.

రాత్రి కూడా మూత్రం నీళ్లలాగే వస్తూ, చల్లటి నీళ్ల కోసం నిద్రలేస్తుంటే వాసోప్రెసిన్ లేకపోవడమో, ఉన్నా కిడ్నీ వినకపోవడమో కావచ్చు. ఏళ్ల తరబడి లిథియం (మానసిక సమస్యలకిచ్చే మందు) వాడినవాళ్లలో రెండోది కనిపిస్తుంది. ఈ రెండింటినీ డయాబెటిస్ ఇన్సిపిడస్ అంటారు. షుగర్‌తో ఏ చుట్టరికమూ లేదు. ఈ తికమక పోవాలనే 2022లో పేరు మార్పు ప్రతిపాదించారు.

నీళ్లు మానేసి ఇంట్లో పరీక్షించుకోవద్దు. ఆ పరీక్ష ఆసుపత్రిలో, బరువూ సోడియమూ చూస్తూ చెయ్యాల్సింది. వాసోప్రెసిన్‌కు బదులుగా ఇచ్చే డెస్మోప్రెసిన్ మందు మొదలుపెట్టాక పాత అలవాటుకొద్దీ చెంబులు చెంబులు తాగితే రక్తంలో సోడియం పడిపోయి తలనొప్పి, వాంతులు, ఫిట్స్ వస్తాయి. మోతాదు ఎప్పుడు ఆలస్యం చెయ్యాలో డాక్టరు చేత ముందే రాయించుకోండి.