ట్యూబ్ ఆంప్‌ను చెవితో పరీక్షించడం, నాలుగో పాఠం: ముందు శబ్దం సమానం కావాలి

ఈ పాఠంలో డిస్టార్షన్ (స్వరం గరుకెక్కడం) మొదలయ్యే అంచున ట్యూబ్ ఆంప్, అంటే వాక్యూమ్ ట్యూబులతో గిటార్ శబ్దాన్ని పెంచే పరికరం, ఎలా ప్రవర్తిస్తుందో చెప్పాలి. చెబుతాను, కానీ సగం పాఠం అయ్యాక. మూడో పాఠం చివర ఇచ్చిన అభ్యాసానికి వచ్చిన జవాబులు చదివాక వాటిని అలా వదిలేసి ముందుకు పోలేను.

అభ్యాసం చిన్నదే. చేత్తో తయారైన ఖరీదైన బుటీక్ ఆంప్‌ను, మీకు బాగా అలవాటైన ఫ్యాక్టరీ ఆంప్‌ను పక్కపక్కన పెట్టి, క్లీన్ టోన్‌లో (గరుకు లేని ధ్వనిలో) తేడా ఏమిటో రాయమన్నాను. దాదాపు అందరి జవాబుల్లోనూ అవే మాటలు: నిండుగా ఉంది, లోతుగా ఉంది, జీవం ఉంది. ఎలా పోల్చారో కూడా రాయమన్నాను కాబట్టి అసలు సంగతి బయటపడింది. రెండింటిలోనూ అన్ని నాబ్‌లనూ 5 దగ్గర పెట్టామని, అప్పుడే పోలిక న్యాయంగా ఉంటుందని ఎక్కువమంది రాశారు.

అది న్యాయం కాదు. ఈ ఒక్క అలవాటు పోకపోతే మిగిలిన పాఠాలన్నీ దండగ. అందుకే ఇక్కడ ఎక్కువసేపు ఆగుతున్నాను.

నాబ్ పక్కన ఉన్న అంకె అది ఎంత తిరిగిందో చెబుతుంది, అంతే. ఎంత సిగ్నల్ లోపలికి వెళ్లిందో చెప్పదు. నాబ్ వెనుక ఉండి వోల్టేజిని తగ్గించే భాగం పొటెన్షియోమీటర్. లీనియర్ (సమంగా పెరిగే) రకాన్ని సగం తిప్పితే సగం వోల్టేజి వెళుతుంది. మొదట్లో నెమ్మదిగా, చివర్లో వేగంగా పెరిగే ఆడియో టేపర్ రకాన్ని సగం తిప్పితే పది, పదిహేను శాతమే వెళుతుంది. అంకె అదే 5. కానీ ఒకచోట సగం, మరోచోట పదోవంతు అయితే ఆ రెండింటి మధ్య తేడా దాదాపు 14 డెసిబెల్‌లు. దానికి తోడు, ముందున్న ట్యూబు ఏది? 12ఎఎక్స్7 ట్యూబు ఆంప్లిఫికేషన్ ఫ్యాక్టర్, అంటే సిగ్నల్‌ను పెంచే శక్తి, 100. 12ఎవై7ది దాదాపు 44. 1950ల చివరి ఫెండర్ కంపెనీ ఆంప్ బాస్‌మన్, 5ఎఫ్6-ఎ సర్క్యూట్‌లో, మొదటి స్థానంలో ఉండేది 12ఎవై7. దాన్నే ఆధారం చేసుకుని 1960ల మొదట్లో మార్షల్ జెటిఎం45 తయారైనప్పుడు అదే స్థానంలోకి ఈసీసీ83, అంటే 12ఎఎక్స్7, వచ్చింది. సర్క్యూట్ దాదాపు ఒకటే, నాబ్ మీద అంకె ఒకటే, మొదటి మెట్టు మీదే సిగ్నల్ వేరు.

టోన్ నాబ్‌లను 5 దగ్గర పెట్టి దానికి ‘తటస్థం’ అని పేరు పెట్టిన వారికి మరో మాట. ఫెండర్, మార్షల్ తరహా టోన్ సర్క్యూట్‌లో మూడు నాబ్‌లూ మధ్యలో ఉంటే మధ్య స్వరాలు బాగా లోపలికి పోతాయి. ఫెండర్ తరహాలో అన్నీ సమంగా వచ్చే స్థితికి దగ్గరైనది ట్రెబుల్ 0, బాస్ 0, మిడిల్ 10. నమ్మబుద్ధి కాకపోతే ఆ స్థితిలో పెట్టి వినండి, చప్పగా ఉంటుంది. గిటార్ ఆంప్‌లో మనకు నచ్చే ధ్వని మొదటినుంచీ సమతలం కాదు. బ్రైట్ కెపాసిటర్ ఉంటే ఇంకో చిక్కు. వాల్యూమ్ తక్కువలో ఉన్నంతసేపు అది పై స్వరాలను అడ్డదారిన పంపిస్తుంది. వాల్యూమ్ 10కి చేరాక దాని పని ఏమీ ఉండదు. అంటే వాల్యూమ్‌ను 3 నుంచి 5కు తిప్పినప్పుడు మీరు టోన్‌ను కూడా మార్చేశారు.

స్పీకర్ సంగతి చూడండి. ఒక వాట్‌కు ఒక మీటరు దూరంలో 97 డెసిబెల్‌లు ఇచ్చే స్పీకర్ ఒకదాంట్లో, 100 ఇచ్చేది మరోదాంట్లో ఉందనుకోండి. 3 డెసిబెల్‌లు అంటే పవర్‌ను రెట్టింపు చేసినట్టే. 50 వాట్‌ల ఆంప్ 100 వాట్‌ల దానిలో సగమే మోగుతుందని ఒకరు రాశారు. ఆ రెండింటి మధ్య ఉన్నదీ ఆ 3 డెసిబెల్‌లే. చెవికి రెట్టింపుగా తోచాలంటే సుమారు 10 డెసిబెల్‌లు పెరగాలి, అంటే పది రెట్ల పవర్ కావాలి.

ఇన్ని తేడాలు కలిసి చివరికి ఒక ఆంప్ రెండు మూడు డెసిబెల్‌లు ఎక్కువ మోగుతుంది. ఆ కొద్దిపాటి తేడాను చెవి ‘ఎక్కువ శబ్దం’ అని గుర్తించదు, ‘మంచి శబ్దం’ అని గుర్తిస్తుంది. అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలో పనిచేసిన ఫ్లెచర్, మన్సన్‌లు 1933లోనే దీని మూలాన్ని కొలిచి ప్రచురించారు. శబ్దం తక్కువగా ఉన్నప్పుడు మన చెవికి కింది స్వరాలు సరిగా ఆనవు. శబ్దం పెరిగేకొద్దీ ఆ లోటు తగ్గుతుంది. కాబట్టి ఎక్కువ మోగే ఆంప్ నిండుగా, లోతుగానే వినిపిస్తుంది. మీరు రాసి పంపిన మాటలు ఒకసారి మళ్లీ చూసుకోండి. ఖరీదైన ఆంప్‌లో వాల్యూమ్‌ను 5 నుంచి 4కు తగ్గించగానే జీవం పోయిందని ఒకరు రాశారు. ఒక్క అంకె తగ్గితే పోయే జీవం ఆ ఆంప్ తయారీలో ఉన్నది కాదు.

సమానం చేసే పద్ధతి ఇది. వాయించినదాన్ని రికార్డు చేసి మళ్లీ మళ్లీ వినిపించే లూపర్ పెడల్‌లో ఒక వరుస వాయించి పెట్టుకోండి. నాలుగు కార్డ్‌లు, కింది తీగల మీద చిన్న నడక, పన్నెండో ఫ్రెట్ పైన రెండు మూడు స్వరాలు చాలు. గిటార్‌ను పక్కన పెట్టేయండి. ఫోన్‌లో శబ్దం కొలిచే యాప్ తెరిచి, ఆంప్‌కు రెండు మీటర్ల దూరంలో, కూర్చున్నప్పుడు మీ చెవి ఉండే ఎత్తులో స్టాండ్‌కు బిగించండి. యాప్‌లో సి వెయిటింగ్ అనే కొలత పద్ధతి ఎంచుకోండి. ఎ వెయిటింగ్ కింది స్వరాలను తగ్గించి చూపిస్తుంది, మన తగువంతా వాటి దగ్గరే ఉంది. ఫోన్ చూపే అంకె ఎంతవరకు నిజమన్నది మనకు అనవసరం, రెండు ఆంప్‌లకూ ఒకే అంకె రావాలి. తేడాను అర డెసిబెల్ లోపుకు తీసుకురండి. అయ్యేదాకా ఫోన్‌ను కదపవద్దు.

తర్వాత రెండు ఆంప్‌ల టోన్ నాబ్‌లనూ అటూ ఇటూ తిప్పి, రెండూ వీలైనంత ఒకేలా వినిపించేలా చేయండి. టోన్ మారితే శబ్దమూ మారుతుంది కనుక మళ్లీ కొలిచి సమానం చేయండి. ఇది ఓపికతో కూడిన పని, గంట పట్టినా పట్టవచ్చు. ఎంత తిప్పినా పోకుండా మిగిలిన తేడా ఏదో, అదే ఆ ఆంప్ సొంతం. డబ్బు పెట్టాలా వద్దా అన్నది ఆ మిగిలినదాన్ని బట్టే తేల్చుకోవాలి. మొదట విన్న తేడాను బట్టి కాదు.

వీలైతే రెండు ఆంప్‌లనూ ఒకే క్యాబినెట్‌తో (స్పీకర్ పెట్టెతో) వినండి. ఆంప్‌కూ స్పీకర్‌కూ ఓమ్‌లు సరిపోవాలి. స్పీకర్ తీగలు మార్చే ముందు రెండు ఆంప్‌లూ ఆపి ఉండాలి. స్పీకర్ తగిలించకుండా ట్యూబ్ ఆంప్‌ను ఎప్పుడూ వాయించవద్దు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. పన్నెండు అంగుళాల స్పీకర్ పై స్వరాలను ముందుకు సన్నని ధారగా పంపుతుంది, కాబట్టి దాని ఎత్తు మారితే వినిపించేదీ మారుతుంది. ఒక ఆంప్‌ను నేల మీద, మరోదాన్ని బల్ల మీద పెట్టి పోలిస్తే మీరు పోల్చింది బల్లనూ నేలనూ.

ఏ సర్క్యూట్‌ను ఏ సర్క్యూట్‌తో పోలుస్తున్నారో కూడా చూసుకోండి. బుటీక్ ఆంప్‌లలో చాలావాటి వంశవృక్షం కొద్దిపాటి పాత సర్క్యూట్‌ల దగ్గరికే చేరుతుంది. ఫెండర్ వారి ట్వీడ్ డీలక్స్, బాస్‌మన్, వాక్స్ వారి ఏసీ30, పాత మార్షల్‌లు, డంబుల్ అనే తయారీదారు తరహావి. 1989లో మొదలైన మ్యాచ్‌లెస్ కంపెనీ పేరు తెచ్చుకున్నది ఏసీ30 ఆలోచన మీద కట్టిన ఆంప్‌తోనే. ఏసీ30 వంశపు ఖరీదైన ఆంప్‌ను ఫెండర్ వంశపు మామూలు ఆంప్‌తో పోల్చి, ఆ తేడా ధరది అనుకోవడం పొరపాటు. అది ఒకదాంట్లోని ఇఎల్84 పవర్ ట్యూబుకూ మరోదాంట్లోని 6వి6కూ ఉన్న తేడా కావచ్చు. ఒకే వంశంలోని చవకదాన్నీ ఖరీదైనదాన్నీ ఎదురెదురుగా పెట్టండి.

ఇక అసలు పాఠం. ఇప్పుడు గిటార్ చేతిలోకి తీసుకోండి. లూపర్ ఇక్కడ పనికిరాదు. ఆంప్ ఇచ్చే స్పందనను బట్టి మీ చేయి మారాలి, రికార్డయిన చేయి మారదు కదా. పెడల్‌లన్నీ తీసేయండి. రివర్బ్ (ప్రతిధ్వని) ఆపేయండి, అది లోపాలను కప్పేస్తుంది. కేబుల్ పొట్టిగా, మూడు మీటర్ల లోపు ఉండాలి. సాధారణ కేబుల్‌కు మీటరుకు సుమారు 100 పికోఫారడ్‌ల కెపాసిటెన్స్ ఉంటుంది, పొడవు పెరిగేకొద్దీ పై స్వరాలు మొద్దుబారతాయి. పికప్ అంటే తీగ కంపనాన్ని సిగ్నల్‌గా మార్చే భాగం. నేనైతే బ్రిడ్జి దగ్గరి సింగిల్ కాయిల్ పికప్ తప్ప మరోటి వాడను. రెండు కాయిల్‌ల హంబకర్ దయగలది, సింగిల్ కాయిల్ దేన్నీ దాచదు. మాస్టర్ వాల్యూమ్ (చివరి శబ్దాన్ని తగ్గించే నాబ్) ఉంటే పూర్తిగా తెరిచేయండి. లేని ఆంప్ అంటేనే నాకు ఇష్టం, కానీ అందరికీ అంత శబ్దం చేసే వీలు ఉండదు.

గిటార్ వాల్యూమ్ 10లో ఉంచి, గట్టిగా కొడితే గరుకుగా, మెల్లగా కొడితే శుభ్రంగా వచ్చే చోట ఆంప్ వాల్యూమ్‌ను ఆపండి. మొదట గిటార్ వాల్యూమ్‌ను 10 నుంచి 7కు, అక్కడినుంచి 4కు తగ్గిస్తూ అదే కార్డ్ కొట్టండి. గరుకుదనం పోవాలి, స్వరం మీద దుప్పటి కప్పినట్టు కాకూడదు. గిటార్ వాల్యూమ్ తగ్గిస్తే సహజంగానే కొంత పదును పోతుంది. అది ఎంతో తెలియాలంటే అదే గిటార్‌తో అలవాటైన ఆంప్‌లోనూ చేసి చూడండి.

తర్వాత ఒక కార్డ్ గట్టిగా కొట్టి, చేయి తీయకుండా అది పూర్తిగా ఆగేదాకా వినండి. చాలామంది మొదటి క్షణమే విని తీర్పు ఇచ్చేస్తారు. నేను తోక వింటాను. గరుకు నుంచి శుభ్రానికి స్వరం జారిపోయిన చోటు తెలియకూడదు. చివర్లో చిరచిరమని చిట్లినట్టు వస్తే పవర్ ట్యూబుల బయాస్ (సిగ్నల్ లేనప్పుడు వాటిలో పారే కరెంటు అమరిక) మరీ చల్లగా, అంటే తక్కువగా, ఉండి ఉండవచ్చు, లేదా స్పీకర్‌లోనే ఏదో లోపం ఉండవచ్చు. బయాస్‌ను నిపుణుడి చేత సరిచేయించి మళ్లీ వినండి. మీరు మాత్రం ఛాసీ (భాగాలన్నీ ఉండే లోపలి లోహపు పెట్టె) తెరవవద్దు. కరెంటు తీసేశాక కూడా ఫిల్టర్ కెపాసిటర్‌లలో 400 వోల్ట్‌లు, అంతకు మించి కూడా నిలిచి ఉండవచ్చు, అది ప్రాణం తీస్తుంది.

ఇప్పుడు దెయ్యపు స్వరం. ఆంప్‌ను ఇంకాస్త పెంచి, మొదటి తీగ ఐదో ఫ్రెట్ నొక్కి గట్టిగా మీటండి. అది 440 హెర్ట్జ్. దాని వెనుక శ్రుతి కలవని మరో స్వరం సన్నగా మూలుగుతోందా? కరెంటు 50 హెర్ట్జ్ ఉన్నచోట, ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ తర్వాత మిగిలే అల 100 హెర్ట్జ్‌లో ఉంటుంది. వడపోత చాలకపోతే, ఆంప్ గట్టిగా పనిచేస్తున్నప్పుడు ఆ అల మీ స్వరంతో కలిసి 340, 540 హెర్ట్జ్‌లలో రెండు స్వరాలు పుట్టిస్తుంది. ఈ రెండూ గిటార్‌లోని ఏ రెండు ఫ్రెట్‌ల మధ్యో పడేవే, అందుకే అంత అసహ్యంగా ఉంటాయి. కరెంటు 60 హెర్ట్జ్ అయితే 120 లెక్కన 320, 560 వస్తాయి. పాత ఆంప్‌లో ఇది కెపాసిటర్‌ల వయసు. అంత ధర పెట్టే కొత్త ఆంప్‌లో వినిపిస్తే మాత్రం నేను క్షమించను.

చివరిది, సాగుడు. ఐదో తీగ మూడో ఫ్రెట్‌ను ఉన్న బలమంతా పెట్టి ఒక్కసారి కొట్టండి. గట్టి దెబ్బకు పవర్ ట్యూబులు ఎక్కువ కరెంటు లాగుతాయి, సరఫరా వోల్టేజి ఒక్క క్షణం కుంగి మళ్లీ లేస్తుంది. దెబ్బ కాస్త నొక్కుకుపోయి, వెనుకనుంచి స్వరం ఉబికి వచ్చినట్టు వేలికి తెలుస్తుంది. 5వై3 రెక్టిఫయర్ ట్యూబ్‌తో బాగా తెలుస్తుంది, జీజెడ్34 ట్యూబ్‌తో తక్కువ, సిలికాన్ డయోడ్‌లతో ఇంకా తక్కువ. వేగంగా, బిగువుగా వాయించేవారికి ఇది అడ్డు. నాకు కావలసింది ఇదే.

చేత్తో వైరింగ్ చేయడం గురించి చాలామంది అడిగారు. దానంతట అది ధ్వనినివ్వదు. చక్కగా వేసిన తీగలు రొదను తగ్గిస్తాయి, ఏళ్ల తర్వాత మరమ్మతుకు వీలిస్తాయి. ఆ లెక్కన దానికి విలువ ఉంది.

అభ్యాసం. సమానం చేసిన రెండు ఆంప్‌లనూ అదే లూప్‌తో, అదే క్యాబినెట్‌తో, కదపని ఒకే మైక్‌తో రికార్డు చేయండి. కంప్యూటర్‌లో రెండు రికార్డింగుల స్థాయినీ మరోసారి సరిచూడండి. తోడుగా ఒకరిని కూర్చోబెట్టండి. వారు నాణెం ఎగరేసి, పడిన వైపును బట్టి ఒక రికార్డింగు వినిపించాలి. మీరు తెర వైపు చూడకుండా అది ఏ ఆంపో చెప్పాలి. ఇలా 16 సార్లు. సరైనవి 12 లేదా అంతకు మించి ఉంటేనే మీరు తేడా విన్నట్టు లెక్క. గుడ్డిగా ఊహించి అన్ని తెచ్చుకునే అవకాశం నూటికి నాలుగు కన్నా తక్కువ. ఒకే బైఠక్‌లో రెండు విడతలు చేయవద్దు, చెవి అలసిపోతుంది. ఎన్ని వచ్చినా కాగితం మీద రాసి ఉంచండి. ఐదో పాఠంలో రొద, మైక్రోఫోనిక్ (తడితే మోగే) ట్యూబుల సంగతి. అది మొదలుపెట్టే ముందు ఆ కాగితం మీ ఎదురుగా ఉండాలి.