కుక్క ఉప్పు ఎక్కువగా తినేస్తే ఏం చేయాలి?

ముందు, చేయకూడని పని. కుక్క తినకూడనిది ఏది మింగినా "ఉప్పునీళ్లు పట్టండి, కక్కేస్తుంది" అనే పెద్దవాళ్లు ఇంటికొకరుంటారు. వినకండి. వాంతి కాకపోతే పట్టించిన ఉప్పంతా ఒంట్లోనే ఉండిపోతుంది. అది మింగినదానికంటే పెద్ద ముప్పు కావచ్చు.

ఇక ఎంత తిన్నదో లెక్క చూడండి. ఒంటి బరువులో కిలోకి 2 నుంచి 3 గ్రాముల ఉప్పు పడితే విషలక్షణాలు కనిపించవచ్చు. 4 గ్రాములకు చేరితే ప్రాణాలకే ముప్పు. టీస్పూను ఉప్పు సుమారు 6 గ్రాములు కాబట్టి, 5 కిలోల కుక్కకు రెండు టీస్పూన్లే ఎక్కువ. అప్పడం ముక్క నాకితే కంగారు పడక్కర్లేదు. ఆవకాయ కోసం తెచ్చిన ఉప్పు బస్తాలో మూతి పెట్టినా, ఎండబెట్టిన ఉప్పుచేపలు లాగించినా సంగతి వేరు. పిల్లలు ఆడుకోవడానికి పిండీ ఉప్పూ కలిపి చేసిన ముద్దనైతే చాలామంది అసలు అనుమానించరు.

వాంతులు, విరేచనాలు, ఆగని దాహం, తూలుతూ నడవడం, వణుకు, ఫిట్స్: వీటిలో ఏది కనిపించినా నోట్లో ఏమీ పోయకుండా వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. లక్షణాలేవీ లేకపోయినా ఫోన్ చేసి ఏం తిన్నది, ఎంత, ఎప్పుడు, కుక్క బరువెంత అన్నవి చెప్పండి. ఈలోగా మంచినీళ్లు కొద్దికొద్దిగా, మాటిమాటికీ పెట్టండి. బలవంతంగా పట్టొద్దు.

రక్తంలో సోడియం పెరిగితే మెదడు కణాల్లోని నీరు బయటికి వచ్చేస్తుంది. అందుకే ఫిట్స్. ఆ స్థితి చాలా గంటలు సాగాక ఒక్కసారిగా నీళ్లెక్కిస్తే మెదడు వాస్తుంది. డాక్టరు రక్తపరీక్షలు చూస్తూ సెలైన్‌ను నిదానంగా ఎక్కించేది ఇందుకే. "ఇంకా ఎంతసేపండీ" అని తొందరపెట్టకండి.

ఇకమీదట ఉప్పు డబ్బా, జాడీలు అందని ఎత్తులో పెట్టండి. ఉప్పుచేపల విషయంలో పిల్లిమీదా కన్నేయాలి. నీళ్ల గిన్నె ఎప్పుడూ ఖాళీగా ఉండకూడదు. నీళ్లు దొరకని జంతువుకు తక్కువ ఉప్పయినా చేటే.

విశాఖ బీచ్‌కో సూర్యలంకకో తీసుకెళ్తే ఇంటినుంచే మంచినీళ్ల సీసా, గిన్నె పట్టుకెళ్లండి. సముద్రపు నీళ్లలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పుంటుంది. బంతాట మధ్యమధ్యలో ఆపి నీళ్లు పెడితే అలల్లో మూతి పెట్టడం తగ్గుతుంది.