ధాన్యం కొనుగోళ్ల ముందు సాఫ్ట్‌వేర్ రాసేవారికి జాగ్రత్తలు

గత యాసంగిలో మిర్యాలగూడ దగ్గరి ఒక ఊళ్లో రైతులకు వరుసగా ఫోన్లు వచ్చాయి. "మీ 64 బస్తాల డబ్బు ఆగింది, ఓటీపీ చెప్పండి" అని. బస్తాల లెక్క తప్పు లేకుండా చెబితే ఎవరు అనుమానిస్తారు? ఇద్దరి ఖాతాలు ఖాళీ అయ్యాయి. లెక్క పొక్కింది మిల్లులో కాదు. కాంటా బిల్లుల ప్రోగ్రామ్ సరిచూసుకోవడానికి మా ఆఫీసు పిల్లలు తెరిచి, మూయడం మరిచిన టెస్ట్ సర్వర్‌లో.

వానాకాలం వడ్లు కోతకొస్తున్నాయి. మిల్లులన్నీ "ప్రోగ్రామ్ రేపటికల్లా కావాలి" అంటాయి. వైరస్‌లూ బ్యాకప్‌లూ మీకు తెలిసినవే, వదిలేస్తున్నాను.

డేటా సంగతి: అసలు రైతుల వివరాలు టెస్ట్‌లో పెట్టకండి. అసలు సర్వర్‌కు కాపలా ఉంటుంది, టెస్ట్ సర్వర్ వైపు ఎవరూ చూడరు. పేర్లు కల్పించుకోండి. నిజమైన ఆధార్ సంఖ్య 0తో గానీ 1తో గానీ మొదలుకాదు కనుక, 0తో మొదలయ్యే 12 అంకెలు వాడితే ఎవరి సంఖ్యా కాబోదు. తగిన భద్రత పాటించకపోతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా అని 2023 నాటి వ్యక్తిగత డేటా చట్టంలో ఉంది. చట్టం పట్టుకునేది మిల్లునే. మిల్లు యజమాని ఎవరిని పట్టుకుంటాడో చెప్పాలా?

పాస్‌వర్డ్‌ల సంగతి: కోడ్‌లో రాయకండి. కోడ్ మార్పులన్నీ దాచిపెట్టే గిట్‌లో చెరిపేసినా పాత ప్రతుల్లో అలాగే ఉంటుంది. ఒకసారి బయటపడితే చెరపడం కాదు, మార్చాలి.

ఇక మిగిలినవి. మిల్లు గుమాస్తా డేటాబేస్ మొత్తం వాట్సాప్‌లో పంపితే తెరవకుండా తొలగించండి, తొలగించమని అతనికీ చెప్పండి. "ఒక్క రోజుకే కదా" అని అసలు డేటా టెస్ట్‌లోకి ఎక్కించకండి. మా పిల్లలూ అదే మాట అన్నారు. అందరికీ ఒకే లాగిన్ వద్దు. బిల్లు మీద ఆధార్ చివరి 4 అంకెలే కనిపించాలి. బిల్లు లింకులో వరుస సంఖ్య పెట్టకండి, 101ని 102 చేస్తే పక్క రైతు బిల్లు తెరుచుకుంటుంది. సర్వర్‌లో ఎవరు ఎప్పుడు ఏం చేశారో నమోదయ్యే లాగ్‌లు 180 రోజులు ఉంచండి. చొరబాటు జరిగితే 6 గంటల్లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలపాలి, దాచకండి. డబ్బు పోయిన రైతు చేత వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయించండి. పని ముగిసిన టెస్ట్ సర్వర్‌ను ఆ సాయంత్రమే తీసేయండి. ఇప్పుడు నడుస్తున్నది ఏదైనా ఉంటే, ముందు లేచి వెళ్లి అందులో ఎవరి పేర్లున్నాయో చూడండి.