జెంటూ ఎంచుకుని, దాన్ని పాడవకుండా అప్‌డేట్ చేయడం ఎలా?

ప్యాకేజీలన్నీ (సాఫ్ట్‌వేర్లన్నీ) సోర్స్ కోడ్ నుంచి మన మెషిన్లోనే కంపైల్ చేసుకునే లినక్స్ కావాలంటే జెంటూ పెట్టుకోండి. లినక్స్ ఫ్రమ్ స్క్రాచ్ నేర్చుకోడానికి బాగుంటుంది గానీ అందులో ప్యాకేజీలను పెట్టి, తీసి, అప్‌డేట్ చేసే ప్యాకేజీ మేనేజరే ఉండదు. క్రక్స్ అనే ఇంకో లినక్స్‌లో ప్యాకేజీలు తక్కువ.

8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ, ఇన్వర్టర్ ఉండాలి. శ్రీకాకుళంలో ఇన్వర్టర్ లేకుండా ఈ పని మొదలుపెట్టకండి, తుపాన్ల నెలల్లో అసలే వద్దు. కరెంటు పోయి వచ్చాక ఎమర్జ్ (ప్యాకేజీలు పెట్టే కమాండ్) 'రెజ్యూమ్' ఆప్షన్ మిగిలిన జాబితాను అందుకుంటుంది గానీ, సగంలో ఆగిన ప్యాకేజీని మళ్లీ మొదటి నుంచే కంపైల్ చేస్తుంది.

జెంటూ హ్యాండ్‌బుక్ చూస్తూ స్టేజ్ 3 (సిస్టమ్‌కు పునాదిగా ఇచ్చే ఫైళ్ల కట్ట) ఇన్‌స్టాల్ చేయండి. సిస్టమ్ సర్వీసులను నడిపేందుకు ఓపెన్‌ఆర్‌సీయే తీసుకోండి. మేక్ కాన్ఫ్ అనే సెట్టింగుల ఫైల్లో ఒక్కో జాబ్‌కు (ఒకేసారి నడిచే కంపైల్ పనికి) 2 జీబీ ర్యామ్ లెక్కేయండి. ప్రాసెసర్‌లో ఎనిమిది కోర్లున్నా 8 జీబీకి నాలుగే.

అందరూ బోర్లా పడేది సిస్టమ్ మొత్తాన్ని అప్‌డేట్ చేసేటప్పుడే. ప్యాకేజీల వివరాలు సింక్ అయ్యాక ముందు ఈసెలెక్ట్ కమాండ్‌తో జెంటూ వాళ్ల న్యూస్ చదవండి. తర్వాత ఎమర్జ్‌కు ఆస్క్, అప్‌డేట్, డీప్, న్యూయూజ్ ఆప్షన్లిచ్చి వరల్డ్ సెట్‌ను (మీరు కావాలని పెట్టుకున్న ప్యాకేజీలు, వాటికి అవసరమైనవి) నడపండి. మారబోయే ప్యాకేజీల జాబితా వస్తుంది, కింద ఎస్ ఆర్ నో అడుగుతుంది. చదవకుండా ఎస్ కొట్టేవాళ్లే తర్వాత నాకు ఫోన్ చేస్తారు.

పైనుంచి కింద దాకా చూడండి. ప్యాకేజీ పక్కన యూ అంటే అప్‌డేట్, ఆ యూ పక్కన డీ ఉంటే వెర్షన్ వెనక్కి పోతోందని అర్థం, ఎందుకో తేలేదాకా ఆగండి. చిన్న అప్‌డేట్‌కు కొత్త ప్యాకేజీలు బోలెడు వస్తుంటే ఏదో యూజ్ ఫ్లాగ్ (ప్యాకేజీలో ఏ ఫీచర్ ఉండాలో చెప్పే స్విచ్) మారిందేమో చూడండి. బ్లాక్స్ (ఒకదానితో ఒకటి పొసగని ప్యాకేజీలు) దగ్గర స్మాల్ బీ అయితే జెంటూ ప్యాకేజీ మేనేజర్ పోర్టేజే సర్దుకుంటుంది, క్యాపిటల్ బీ అయితే మీరే తేల్చాలి.

ఏదో సెట్టింగ్ మార్చాలని ఎమర్జ్ అడిగినప్పుడు చాలామంది, ఆ మార్పును దానిచేతే రాయించే 'ఆటోఅన్‌మాస్క్ రైట్' ఆప్షన్ కొట్టేస్తారు. వద్దండీ! అది రాసేదాన్ని చదవకుండా ఒప్పుకుంటే టెస్టింగ్ వెర్షన్లు కూడా లోపలికి వచ్చేస్తాయి. యూజ్ ఫ్లాగ్ మార్చాలంటే ప్యాకేజ్ యూజ్ ఫైల్లో ఆ ఒక్క ప్యాకేజీకి ఒక్క లైను చేత్తో రాసుకోండి. మేక్ కాన్ఫ్‌లో సిస్టమ్ అంతటికీ ఫ్లాగులు గుప్పించడం కూడా ఇలాంటి పనే.

స్పీడ్ కోసం జెంటూ అనేవాళ్ల మాట వినకండి. ప్రింటర్ లేని మెషిన్లో ప్రింటింగ్ సపోర్టు కూడా లేకుండా చేసుకోగలగడమే దీని గొప్ప. రెడీమేడ్ ప్యాకేజీలిచ్చే ఆర్చ్ లినక్స్‌లో ఇలాంటి యూజ్ ఫ్లాగుల వెసులుబాటు లేదు. 2023 డిసెంబర్ నుంచి జెంటూ వాళ్లే రెడీమేడ్ బైనరీలు (ముందే కంపైల్ చేసిన ప్యాకేజీలు) కూడా ఇస్తున్నారు. లిబ్రేఆఫీస్ లాంటి పెద్దవాటికి అవే వాడండి, పరువేం పోదు.

అప్‌డేట్ అయ్యాక డిస్పాచ్ కాన్ఫ్ కమాండ్ నడిపి, కాన్ఫిగ్ ఫైళ్లలో ఏం మారిందో చూసి ఒప్పుకోండి. చూడకుండా ఒప్పుకుంటే ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే దారి) పోర్టు మార్చి పెట్టుకున్న లైను ఎగిరిపోవచ్చు. చివర్లో అక్కర్లేని ప్యాకేజీలను తీసేసే డెప్‌క్లీన్, అదీ ఏం తీస్తుందో చూపించి ఊరుకునే 'ప్రెటెండ్'తోనే ముందు. మీరు వాడే ప్యాకేజీ ఆ లిస్టులో కనబడితే 'నోరీప్లేస్'తో వరల్డ్‌లో చేర్చి, ఆ తర్వాతే అసలు డెప్‌క్లీన్ నడపండి.