తీర్మానంలో ‘వాతావరణ మార్పు’ అని రాయించకండి, కాలువ పొడవు రాయించండి

2021 ఫిబ్రవరి పంచాయతీ ఎన్నికల్లో మా వార్డు మహిళలకు వచ్చింది. అలా మెంబర్నయ్యాను. మాది నెల్లూరు జిల్లాలో ఉదయగిరి వైపు మెట్ట ఊరు. మొదటి ఏడాదంతా ‘మెంబరు గారున్నారా’ అని ఫోన్లు మా ఆయనకే వచ్చేవి. ఎండలు, వానలు గతి తప్పుతున్నాయంటే పంచాయతీ ఏం చేయగలదులే అని నేనూ అనుకున్నదాన్నే. చేయించుకోవచ్చు. ఎలాగో నాకు తెలిసినంత చెప్తాను.

ముందు నా తప్పు చెప్పుకోవాలి. ఆ ఏడు అక్టోబరు గ్రామసభలో ‘వాతావరణ మార్పులను ఎదుర్కొనుటకు తగు చర్యలు తీసుకొనుటకు తీర్మానించడమైనది’ అని రాయించాను. చప్పట్లు కొట్టారు. ఆ వాక్యానికి ఎస్టిమేటు ఎవరు వేస్తారు? ఎక్కడ, ఎంత పొడవు, ఏ పద్దు కింద? ఏమీ లేదు. పుస్తకంలో అది ఇప్పటికీ అలాగే ఉంది.

నెల తిరక్కుండానే వానలు పట్టుకున్నాయి. పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కోసుకుపోయిన రోజులవి. మాకూ రాత్రీ పగలూ వానే. తీరా చూస్తే మా చెరువులో మోకాలి లోతు నీళ్లు. గొర్రెలు కాసే పెద్దాయన ఒకరు ‘రామ్మా, చూపిస్తా’ అని చెరువుకు కొండ నీళ్లు తెచ్చే సప్లై కాలువ మొగ దగ్గరికి తీసుకెళ్లాడు. చిల్లచెట్లు గుబురుగా పెరిగి, వాటి మొదళ్లకు ఇసుక పట్టి, తిన్నెలా లేచింది. కొండ నీళ్లు దానికి కొట్టుకుని పక్కనున్న వాగులోకి మళ్లిన జాడ ఇంకా తడిగానే ఉంది. ‘ఇక్కడ నాలుగడుగుల లోతుండేది, చిన్నప్పుడు దిగి ఎక్కేవాళ్లం’ అన్నాడు. మేం మాట్లాడుకుంటూనే దాటేశాం, చెప్పులు కూడా విప్పలేదు.

కాబట్టి మొదటి పని, వాన వెలిసిన రోజే కాలువ వెంట నడవండి. ఎండాకాలంలో వెళ్తే నీళ్లెటు పోయాయో తెలియదు. టేపు, ఫోను, ఊళ్లో పశువులో గొర్రెలో కాసే మనిషి, ఈ మూడూ ఉంటే చాలు. వీలైతే సచివాలయం ఇంజనీరింగ్ అసిస్టెంటునూ పిలవండి. అడ్డం ఉన్న ప్రతిచోటా ఫొటో తీసి, ఎక్కడ నుంచి ఎక్కడిదాకానో కాగితం మీద రాసుకోండి. మాది 640 మీటర్లు తేలింది. చెరువు పంచాయతీదా, ఇరిగేషన్ వాళ్లదా అన్నది కూడా అప్పుడే కనుక్కోండి. మేం కనుక్కోకుండా తిరిగి రెండు నెలలు పోగొట్టుకున్నాం.

రెండోసారి ఇలా రాయించాం: ‘చెరువు సప్లై కాలువలో వాగు మొగ నుంచి తారురోడ్డు తూము వరకు 640 మీటర్లు చిల్లచెట్లు వేళ్లతో సహా తొలగించి, ఒక మీటరు లోతు పూడిక తీయు పనిని ఉపాధి పనుల జాబితాలో మొదటి పనిగా చేర్చుటకు తీర్మానించడమైనది.’ ‘వేళ్లతో సహా’ అన్న మాట వదలకండి. కొమ్మలు కొట్టి వదిలేస్తే ఏడాదికే అంతకు రెట్టింపు వస్తుంది ఆ దరిద్రం.

డబ్బు సంగతి. కేంద్రం నుంచి పంచాయతీకి వచ్చే ఆర్థిక సంఘం నిధులన్నీ మన ఇష్టం కాదు. 15వ ఆర్థిక సంఘం లెక్క ప్రకారం 2021-26 మధ్య 60 శాతం పారిశుద్ధ్యానికీ తాగునీటికీ కట్టేశారు. మిగతా 40 శాతంలోనే అన్నీ సర్దుకోవాల్సి వచ్చేది, దానికి అడిగేవాళ్లు పది మంది. అందుకే మట్టి పనిని ఉపాధి వైపు తోయండి. అక్కడ కూలీకి 60, సామానుకు 40 అనే లెక్క నడుస్తుంది, మట్టి పనంతా కూలీయే. సిమెంటు గోడ అడిగితే సామాను వాటా దగ్గర ఆగిపోతుంది. వాన నీళ్లు ఇంకే గుంతలు, బోరు చుట్టూ రీచార్జి గుంట లాంటివి మాత్రం తాగునీటి పద్దులో అడగండి.

అన్నిటికంటే తేదీలు ముఖ్యం. వచ్చే ఏడాది ప్రణాళిక కోసం గ్రామసభలు అక్టోబరు 2న మొదలవుతాయి. మన నెల్లూరు జిల్లాలో పెద్ద వానలు కూడా అక్టోబరు నుంచి డిసెంబరు లోపే. అంటే ఆ రోజు రాయించిన పని వేసవిలో జరిగి, ఆపై ఏడు వానకు గానీ అక్కరకు రాదు. వాన మొదలయ్యాక పరిగెత్తి లాభం లేదు. ఆగస్టులోనే కాగితాలు సిద్ధం చేసుకుని, పొదుపు సంఘం మీటింగులో చదివి వినిపించండి. ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతివాళ్లూ గ్రామసభ సభ్యులే. మాకు ఆ రోజు సంఘాల ఆడవాళ్లే ముప్పై మందికి పైగా వచ్చారు, దాంతో కాలువ పని సిమెంటు రోడ్డు కంటే పైన నిలబడింది. రోడ్డు కావాలన్నవాళ్లు నాతో కొన్నాళ్లు మాట్లాడలేదు, అది వేరే సంగతి.

‘పంచాయతీకి ఈ అధికారం ఎక్కడిది’ అని ఎవరైనా అడ్డం తిరిగితే, 73వ సవరణతో రాజ్యాంగంలోకి వచ్చిన 11వ షెడ్యూలు చూడమనండి. అందులోని 29 అంశాల్లో చిన్ననీటి వనరులు, తాగునీరు, సామాజిక అడవులు, సంప్రదాయేతర ఇంధనం ఉన్నాయి.

మొక్కల గురించి ఒక్క మాట. జూన్‌లో ఫొటోల కోసం నాటించకండి, మన మెట్టలో మాడి చస్తాయి. అక్టోబరు వానకు నాటి, కానుగ, వేప లాంటివే అడిగి, ముళ్లకంచె ఖర్చు కూడా ఎస్టిమేటులో వేయించండి. కంచె లేకపోతే అవి మేకల పాలే. అల్లూరు, కావలి వైపు తీరం ఊళ్లవాళ్లైతే సరుగుడు తోపుల గురించి అటవీశాఖ వాళ్లతో కలిసి అడగాలి.

సభ అయిపోయాక తీర్మానం పేజీ ఫొటో తీసుకోండి. తర్వాత ఈ-గ్రామ్‌స్వరాజ్ సైటులో మీ పంచాయతీ ప్రణాళిక తెరిచి, పని పేరు ఎక్కిందో లేదో చూడండి. మాది మొదట ‘చెరువు అభివృద్ధి’ అని ఎక్కించారు, పొడవు లేదు. ఫొటో చూపిస్తే మర్నాడు దిద్దారు. పని జరిగేటప్పుడు కొలతలు రాసే రోజు ఎప్పుడో ఉపాధి పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంటును అడిగి, టేపు రెండో కొస మీరే పట్టుకోండి.