లెక్కల టీచర్, సైన్స్ టీచర్ కావాలంటే: అమెరికా స్కాలర్‌షిప్‌లు, సంతకానికి ముందు చూసుకోవాల్సినవి

అమెరికాలో లెక్కలు, సైన్స్ చదువుతూ బడిలో పాఠం చెప్పాలనుకునేవాళ్లకు రెండు పెద్ద దారులున్నాయి: నోయిస్ స్కాలర్‌షిప్, అమెరికా ప్రభుత్వం ఇచ్చే టీచ్ గ్రాంట్. రెండిటికీ షరతు ఒకటే. చదువయ్యాక టీచర్ల కొరత, పేదరికం ఎక్కువున్నచోట పనిచేయాలి. మాట తప్పితే ఆ డబ్బు అప్పవుతుంది. సాధారణంగా సిటిజన్‌షిప్పో గ్రీన్‌కార్డో ఉండాలి. ఎఫ్-1 (విద్యార్థి) వీసా వాళ్లకు ఇవి రావు.

నోయిస్ డబ్బు నేషనల్ సైన్స్ ఫౌండేషన్ అనే అమెరికా ప్రభుత్వ సంస్థది. అయినా దరఖాస్తు అక్కడికి పంపేది కాదు. ఫౌండేషన్ యూనివర్సిటీలకు ఇస్తుంది, విద్యార్థుల్ని యూనివర్సిటీలే ఎంచుకుంటాయి. ఈ సాయం ప్రధానంగా డిగ్రీ మూడో, నాలుగో ఏడాది చదివేవాళ్లకు కాబట్టి రెండో ఏడాదిలోనే లెక్కల విభాగానికో ఎడ్యుకేషన్ విభాగానికో వెళ్లి, నోయిస్ ప్రాజెక్టు ఉందా, ఇంకా ఎన్నాళ్లు నడుస్తుంది అని అడగండి. ఏడాదికి కనీసం 10,000 డాలర్లు వస్తాయి. తీసుకున్న ఒక్కో ఏడాదికి రెండేళ్లు పనిచేయాలి.

టీచ్ గ్రాంట్‌కు ఫాఫ్సా (ప్రభుత్వ విద్యార్థి సాయానికి దరఖాస్తు ఫారం) నింపాలి, కౌన్సెలింగ్ పూర్తిచేసి ఒప్పందంపై సంతకం చేయాలి. ఇదంతా ప్రతి ఏడాదీ చేయాలి. జీపీఏ 3.25 ఉండాలి, లేదా ప్రవేశ పరీక్షలో ఒక విభాగంలోనైనా 75వ పర్సంటైల్ దాటాలి. మీ కాలేజీలో ఆ కోర్సుకు గ్రాంట్ వర్తిస్తుందో లేదో ఎయిడ్ ఆఫీసులో ముందే కనుక్కోండి. ఏడాదికి గరిష్ఠం 4,000 డాలర్లు. ప్రభుత్వ బడ్జెట్ కోత పోగా చేతికి అంతకంటే కొంచెం తక్కువే వస్తుంది.

ఇక్కడ ఒక లెక్క చాలామంది గమనించరు. ఒక్క ఏడాది గ్రాంట్ తీసుకున్నా, నాలుగేళ్లు తీసుకున్నా పనిచేయాల్సింది నాలుగేళ్లే, అదీ చదువు ముగిసిన 8 ఏళ్లలోపు. అందుకే ఆఖరి ఏడాదికి మాత్రమే తీసుకోవడం మా దృష్టిలో గిట్టుబాటు కాదు. అప్పుగా మారితే వడ్డీ మారిన రోజు నుంచి కాదు, డబ్బు అందిన రోజు నుంచి లెక్కకడతారు.

టీచ్ గ్రాంట్ తీసుకున్నవాళ్లకు ఉద్యోగంలో చేరాక తేడా వచ్చేది ఎక్కువగా టైమ్‌టేబుల్ దగ్గర. మీ తరగతుల్లో సగానికి పైగా కొరత ఉన్న సబ్జెక్టువై ఉండాలి. అయిదు పీరియడ్లలో మూడు లెక్కలు, రెండు సోషల్ అయితే సరే. తారుమారైతే ఆ ఏడాది లెక్కలోకి రాదు. ఇది చేరేముందే ప్రిన్సిపాల్‌తో తేల్చుకోండి. బడి పేరు ప్రభుత్వ అల్పాదాయ బడుల జాబితాలో ఉందో లేదో కూడా అప్పుడే చూడండి. చేరినప్పుడు జాబితాలో ఉండి తర్వాత పేరు తీసేసినా, అక్కడే కొనసాగితే మీ ఏళ్లు చెల్లుతాయి. ఏటా టైమ్‌టేబుల్ కాపీ, బడి అధికారి సంతకం పెట్టిన ధ్రువీకరణ పత్రం దాచుకోండి.